అడక్కుండా వడ్డించేవి: ప్యాకేజీ మేనేజర్లో డిఫాల్ట్ సెట్టింగులు

(కమ్యూనిటీ రేడియోలో ఆదివారం ప్రసారమైన ప్రసంగానికి అక్షరరూపం)



ఈవారం విషయం పేరు చెబితే మీలో సగంమంది రేడియో కట్టేస్తారేమోనని కొంచెం భయంగా ఉంది. ప్యాకేజీ మేనేజర్లో డిఫాల్ట్ సెట్టింగులు ఎలా ఉండాలి, అన్నది విషయం. కంప్యూటర్ ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళకి ఇది రోజూ ఉండే గొడవే. మిగతావాళ్ళు కూడా ఓ పావుగంట ఓపికపడితే, ఇది తమకీ సంబంధించిన విషయమేనని ఒప్పుకుంటారని నా ఆశ.

ముందు నా తప్పు ఒకటి ఒప్పుకుని మొదలుపెడతాను.

మా ఊరి తెలుగు సంఘానికి ఒక చిన్న సర్వరు ఉంది. సభ్యత్వాలు, ఉగాది టిక్కెట్లు, రసీదులు అన్నీ దానిమీదే నడుస్తాయి. చూసుకునేది ఇద్దరు ముగ్గురు వాలంటీర్లం. రెండేళ్ళ క్రితం దాన్ని కొత్త మెషీన్ మీదకి మార్చే పని నా నెత్తిన పడింది. పనిలో పనిగా శుభ్రంగా, చిన్నదిగా చేద్దామని డెబియన్ లినక్స్ మీద ఒక కంటెయినర్ కట్టాను. మన ప్రోగ్రాముకి కావలసిన సామాను మాత్రమే సర్దిన పెట్టె అనుకోండి. సర్దేటప్పుడు ఒక డిఫాల్ట్ మార్చాను: "తప్పనిసరివి తప్ప, సిఫార్సు చేసినవి ఏవీ ఎక్కించొద్దు" అని. ఆఫీసులో మేమంతా చేసేదే. పెట్టె సైజు తగ్గింది, నాకూ తృప్తిగా అనిపించింది. సైటు తెరుచుకుంటోంది, సభ్యుల జాబితా వస్తోంది, ఇక చాలనుకున్నాను. ఎవరైనా డబ్బు కడితే ఏమవుతుందో మాత్రం చూడలేదు. మర్నాడు ఇండియాకి విమానం ఎక్కాను.

మొదటి టిక్కెట్టు దగ్గరే ఆగిపోయింది. కార్డు చెల్లింపుల కంపెనీతో మా సర్వరు మాట్లాడబోతే "సర్టిఫికేట్ సరిచూడలేకపోయాను" అని ఎర్రగా ఒక లైను. ఉగాది ఇంకా పదిరోజులే ఉంది. ఎమ్మెస్ చదువుకుంటున్న తమ్ముడొకడు అర్ధరాత్రిదాకా కూర్చుని నెట్‌లో వెతికాడు. ఆ సరిచూడడమే మానేయమని చెప్పే స్విచ్చి ఒకటి దొరికింది. పెట్టాడు, పనిచేసింది. నాకు ఫోన్ చేసి "అన్నా, సరిచేశాను, టిక్కెట్లు వెళ్ళిపోతున్నాయి" అన్నాడు. "భేష్, థాంక్స్ రా" అన్నాను. ఏం సరిచేశావని నేను అడగలేదు.

తిరిగొచ్చాక, మూడు వారాల తర్వాత, ఇంకేదో పనిమీద ఆ ఫైలు తెరిచి చూస్తే గుండె ఆగినంత పనైంది. సర్టిఫికేట్ చూడడం అంటే, అవతల మాట్లాడుతున్నది నిజంగా ఆ కంపెనీయేనా, మధ్యలో ఎవరైనా దూరి వేషం వేశారా అని మన సర్వరు తేల్చుకునే పద్ధతి. అది లేకుండా మూడు వారాలు మా రహస్యపు తాళం, సభ్యుల పేర్లు, చిరునామాలు అవతలికి పంపించాం. ఏదీ పోయినట్టు కనబడలేదు. పోలేదని రుజువు చేయడానికి కూడా నా దగ్గర ఏమీ లేదు. తాళం మార్చి, సభ్యులందరికీ జరిగింది జరిగినట్టు ఉత్తరం రాశాం. మా సంఘంలో పెద్దవారు, రిటైరైన మాస్టారొకరు ఫోన్ చేసి అడిగారు. "ఆ అబ్బాయి స్విచ్చి మార్చాడు సరే, అది మార్చాల్సిన అవసరం ఎందుకొచ్చింది నాయనా?"

ఈ ప్రసంగమంతా ఆ ప్రశ్నకి జవాబే.

ప్యాకేజీ మేనేజర్ అంటే ఏమిటో రెండు మాటల్లో చెబుతాను. మీ ఫోన్‌లో యాప్ స్టోర్ చేసే పనే అది చేస్తుంది. ఫలానా ప్రోగ్రాము కావాలంటే ఎక్కడుందో వెతికి, దానికి తోడు ఇంకేమేం కావాలో చూసి, అన్నీ తెచ్చి, సరైన చోట పెడుతుంది. డెబియన్, ఉబుంటులలో దాని పేరు ఆప్ట్. 1999లో డెబియన్ 2.1తో అందరి చేతికీ వచ్చింది. ఫెడోరా, రెడ్ హ్యాట్ వైపు ఇప్పుడు డీఎన్ఎఫ్. జావాస్క్రిప్ట్ రాసేవాళ్ళకి ఎన్‌పీఎమ్, పైథాన్ వాళ్ళకి పిప్. ఒక్కొక్కదానికీ సెట్టింగులు చాలానే ఉంటాయి. వాటిలో మనం చూసేవి పట్టుమని పది ఉండవు. మిగతావన్నీ తయారుచేసినవాళ్ళు ఎలా పెడితే అలాగే ఉండిపోతాయి. అలా ఉండిపోయే విలువనే డిఫాల్ట్ అంటాం.

అలా ఉండిపోవడం మామూలు సంగతి కాదు. ఇక్కడ అమెరికాలో ఉద్యోగం చేసే మనందరికీ 401(కె) తెలుసు. 2001లో బ్రిజిట్ మాడ్రియన్, డెనిస్ షే అనే ఇద్దరు ఒక కంపెనీ లెక్కలు చూశారు. అంతకుముందు ఆ పథకంలో చేరాలంటే ఉద్యోగి తనంతట తను ఫారం నింపాలి. తర్వాత రూలు తిరగేశారు: చేరినట్టే లెక్క, వద్దంటే ఫారం నింపాలి. చేరేవాళ్ళు బాగా పెరిగారు. రెండో సంగతి అంతకంటే ముఖ్యం. కంపెనీ డిఫాల్ట్‌గా పెట్టిన 3 శాతం దగ్గరే, పెట్టిన ఫండులోనే చాలామంది ఆగిపోయారు. మంచి డిఫాల్ట్ మేలు చేస్తుంది, అరకొర డిఫాల్ట్ అరకొరగానే ఉంచేస్తుంది. రెండూ ఒకే చోట కనిపించాయి. సాఫ్ట్‌వేర్‌లోనూ ఇదే కథ.

ఇప్పుడు నా తప్పు సంగతికి వస్తాను. డెబియన్‌లో ఒక ప్యాకేజీకి తోడుగా ఉండేవాటిని మూడు రకాలుగా రాస్తారు. ఇది లేకపోతే పని జరగదు అన్నది మొదటిది, డిపెండ్స్. అరుదైన సందర్భాల్లో తప్ప అందరూ కలిపి వాడేది రెండోది, రికమెండ్స్. ఉంటే ఉపయోగం అన్నది మూడోది, సజెస్ట్స్.

మన పెళ్ళిభోజనం పంక్తి గుర్తుచేసుకోండి. విస్తరి, అన్నం లేకపోతే భోజనమే లేదు. పప్పు, నెయ్యి, కూర మిమ్మల్ని అడక్కుండానే వడ్డించుకుంటూ పోతారు. వద్దనుకున్నవాళ్ళు విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాలి. కిళ్ళీ మాత్రం అడిగినవాళ్ళకే. ఈ మర్యాద వెనక ఒక లెక్క ఉంది. మొహమాటస్తుడు, కొత్త అల్లుడు, మొదటిసారి పంక్తిలో కూర్చున్న చిన్నపిల్లాడు నోరు తెరిచి నెయ్యి అడగరు. తనకేం వద్దో తెలిసినవాడికి చెయ్యి అడ్డం పెట్టడం కష్టం కాదు.

ఆప్ట్ కూడా మొదట్లో ఇలా ఉండేది కాదు. రికమెండ్స్‌ని ఆప్ట్-గెట్ తనంతట తాను ఎక్కించేది కాదు. 2008 అక్టోబరులో ఉబుంటు 8.10, 2009 ఫిబ్రవరిలో డెబియన్ 5 ఆ డిఫాల్ట్‌ని తిరగేశాయి. అప్పట్నించీ మనం వద్దంటే తప్ప సిఫార్సులన్నీ వస్తాయి. అనవసరపు సామాను వచ్చిపడుతోందని అప్పుడూ గొణిగారు, ఇప్పుడూ గొణుగుతారు. చిన్న పెట్టెలు కట్టేవాళ్ళం మొదటి పనిగా దాన్ని ఆపేస్తాం. నేనూ అదే చేశాను.

నేను చెయ్యి అడ్డం పెట్టినప్పుడు ఏది పడకుండా పోయిందో వినండి. ప్రపంచంలో ఏయే సంస్థల సంతకాన్ని నమ్మవచ్చో చెప్పే జాబితా ఒకటుంటుంది. డెబియన్‌లో దాని ప్యాకేజీ పేరు సీఏ-సర్టిఫికేట్స్. నెట్ నుంచి ఫైళ్ళు తెచ్చే డబ్ల్యూగెట్, కర్ల్ లాంటివాటికి అది తప్పనిసరి కాదు, సిఫార్సు మాత్రమే. ఎందుకంటే సొంత జాబితా పెట్టుకునేవాళ్ళు కొందరుంటారు. నేను సిఫార్సులు వద్దన్నాను, జాబితా రాలేదు. జాబితా లేకపోయేసరికి సర్వరు ఎవరినీ నమ్మలేకపోయింది. నమ్మలేనంటే పని ఆగింది. పని ఆగితే తమ్ముడు నమ్మకం అవసరంలేదని స్విచ్చి నొక్కేశాడు. నేను మిగుల్చుకున్నది కాస్త డిస్కు స్థలం. దానికి మూల్యం కట్టినది ఉగాది టిక్కెట్లు కొన్న సభ్యులు.

దీన్నుంచి నేను నేర్చుకున్న మొదటి సూత్రం. డిఫాల్ట్‌ని తెలియనివాడి కోసం పెట్టాలి. తెలిసినవాడు మార్చుకోగలడు. తెలియనివాడికి అక్కడ మార్చదగ్గది ఒకటుందని కూడా తెలియదు. నేను మార్చిన డిఫాల్ట్ నాకు సరిపోతుంది, ఏం లేదో నాకు తెలుసు కనుక. నేను ఊళ్ళో లేనప్పుడు ఆ పెట్టె చూసుకునేవాడికి అది సరిపోదు.

రెండో సూత్రం, వెనక్కి తీసుకోలేని పని డిఫాల్ట్‌గా జరగకూడదు.

ఒక చిన్న తేడా చెబుతాను. ఆప్ట్ కొనసాగించమంటారా అని అడిగినప్పుడు చివర వై పెద్దక్షరం, ఎన్ చిన్నక్షరంగా చూపిస్తుంది. ఊరికే ఎంటర్ కొడితే అవునన్నట్టే. డీఎన్ఎఫ్ అదే ప్రశ్న అడిగినప్పుడు వై చిన్నక్షరం, ఎన్ పెద్దక్షరం. ఎంటర్ కొడితే వద్దన్నట్టు. కొత్తది ఎక్కించేటప్పుడు ఆప్ట్ పద్ధతి వల్ల పెద్ద నష్టం లేదు, వద్దనుకుంటే మళ్ళీ తీసేయవచ్చు. తీసేసేటప్పుడు మాత్రం డీఎన్ఎఫ్ దారే నయమని నా అభిప్రాయం. వేలు జారి ఎంటర్ పడినంతలో ఏదీ పోకూడదు.

ఇది ఎంతదాకా వెళ్తుందో 2021 నవంబరులో లోకమంతా చూసింది. లైనస్ సెబాస్టియన్ అనే కెనడా ఆయన, కంప్యూటర్ల మీద వీడియోలు చేస్తాడు. పాప్ ఓఎస్ అనే లినక్స్ మీద ఆటలకోసం స్టీమ్ ఎక్కించబోయాడు. అప్పట్లో ఆ ప్యాకేజీలో ఉన్న పొరపాటు వల్ల, స్టీమ్ రావాలంటే డెస్క్‌టాప్ మొత్తం తీసేయాలని ఆప్ట్ లెక్క తేల్చింది. ప్రమాదమని హెచ్చరించింది కూడా. ముందుకెళ్ళాలంటే "యెస్, డూ యాజ్ ఐ సే!" అని పూర్తి వాక్యం టైపు చేయమంది. ఆయన చేశాడు. డెస్క్‌టాప్ పోయింది. అంత పెద్ద హెచ్చరిక చదవలేదా అని చాలామంది నవ్వారు. ఆప్ట్ రాసేవాళ్ళు నవ్వి ఊరుకోలేదు. అదే నెలలో వచ్చిన 2.3.12 వెర్షన్‌లో, తప్పనిసరి ప్యాకేజీలు తీసేసే పరిష్కారాన్ని ఆప్ట్ తనంతట తాను ఎంచుకోకుండా చేశారు. ఆ వాక్యం టైపు చేసి ముందుకెళ్ళే దారి మూసేశారు. నిజంగా కావాలన్నవాడు ప్రత్యేకంగా ఆప్షన్ రాసి అడగాలి. 2025లో వచ్చిన ఆప్ట్ 3.0లో అయితే, పోబోయేవాటి జాబితా ఎర్రరంగులో విడిగా కనిపిస్తుంది.

హెచ్చరిక రాశాం కాబట్టి మా బాధ్యత తీరిందనుకోవడం మా వృత్తిలో పాత జబ్బు. రోజుకి యాభై హెచ్చరికలు చూసేవాడు యాభై ఒకటోది చదవడు.

మూడోది, కొంచెం చిక్కైనది: అప్‌డేట్లు వాటంతటవే ఎక్కాలా, మనం చెప్పాకే ఎక్కాలా?

ఆలస్యం చేస్తే ఏమవుతుందో 2017లో ఈ దేశంలో చాలామందికి అనుభవమైంది. స్ట్రట్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక లోపానికి మార్చి నెలలోనే మందు వచ్చింది. ఈక్విఫాక్స్ ఒక చోట ఆ మందు వేయలేదు. మే నెలలో దొంగలు అదే లోపంలోంచి దూరారు. దాదాపు 14 కోట్ల 70 లక్షలమంది వివరాలు బయటికి పోయాయి. మనలో ఎందరో క్రెడిట్ ఫ్రీజ్ చేసుకున్నది ఆ సంవత్సరమే. ఉబుంటు అంతకు ఏడాది ముందే, 16.04 నుంచి, భద్రతకి సంబంధించిన అప్‌డేట్లు డిఫాల్ట్‌గా వాటంతటవే ఎక్కేలా పెట్టింది. మంచి నిర్ణయమంటాను.

మరి తొందరపడితే? 2024 మార్చి చివర్లో ఎక్స్‌జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్లలో ఎవరో దొంగతలుపు పెట్టినట్టు బయటపడింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, తన మెషీన్‌లోకి లాగిన్ అవడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వితే దొరికింది. అప్పటికే అది డెబియన్‌లో రోజూ కొత్తవి చేరే శాఖలోకి వచ్చేసింది. అందరూ వాడే స్థిరమైన శాఖలోకి మాత్రం రాలేదు. నిదానమే అక్కడ కాపాడింది.

ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం వచ్చినట్టు అనిపిస్తుంది. కానీ నీళ్ళు ఏ బావిలోంచి వస్తున్నాయో చూస్తే సర్దుకుంటుంది. డెబియన్, ఉబుంటుల భద్రతా శాఖలో వచ్చేది ఆ ఒక్క లోపానికి చిన్న మందు, తెలిసినవాళ్ళు చూసి సంతకం పెట్టినది. అది వెంటనే ఎక్కాలి. ఎన్‌పీఎమ్ లాంటి చోట ఎవరైనా తమ సరుకు తెచ్చి పెట్టవచ్చు. అక్కడ కొత్తదల్లా వచ్చిన నిమిషంలోనే మింగడం మంచిది కాదు. ఆ వైపు వాడే పీఎన్‌పీఎమ్ అనే మేనేజర్ 2025 జనవరిలో వచ్చిన పదో వెర్షన్ నుంచి ఒక డిఫాల్ట్ మార్చింది. మనం తెచ్చుకున్న సరుకు ఎక్కేటప్పుడు తనతో తెచ్చిన ఆజ్ఞలు నడపాలంటే, మనం పేరు పెట్టి అనుమతించాలి. అదే ఏడాది సెప్టెంబరులో, కొత్త వెర్షన్ వచ్చాక ఇంతసేపు ఆగు అని చెప్పుకునే సెట్టింగు కూడా చేర్చారు. ఇంటికి వచ్చిన అతిథికి కుర్చీ వేద్దాం, బీరువా తాళాలు ఇవ్వక్కర్లేదు.

నాలుగోది, డిఫాల్ట్‌లోంచి బయటికి దారి ఉండాలి, ఆ దారి మీద ఏం పాడవుతుందో రాసి ఉండాలి.

దీనికి పైథాన్ వాళ్ళ పిప్‌ని ఉదాహరణగా చెబుతాను. వెనకటికి సిస్టమ్ వాడుకునే పైథాన్‌లోకే పిప్‌తో ఏదైనా దింపేసేవాళ్ళం. ఒక్కోసారి ఆప్ట్ పెట్టిన ఫైళ్ళతో తగవుపడి సిస్టమ్ పనిముట్లే ఆగిపోయేవి. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి పిప్ డిఫాల్ట్‌గా అందుకు ఒప్పుకోదు. విడిగా ఒక గది కట్టుకుని అందులో పెట్టుకోమంటుంది. కాదూ కూడదంటే ఒక ఆప్షన్ ఉంది. దాని పేరే "బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్". సిస్టమ్ ప్యాకేజీలని విరగ్గొట్టు అని మన చేతే రాయిస్తుంది. అంత నిజాయితీగల పేరు నేనింకోటి చూడలేదు. మా తమ్ముడికి దొరికిన స్విచ్చి పేరు "ఎవరితో మాట్లాడుతున్నా నాకనవసరం" అని ఉండి ఉంటే, ఆ రాత్రి నాకు ఇంకో ఫోన్ వచ్చేదేమో.

ఇక ఇంట్లోనో, గుడికో, సంఘానికో చిన్న సర్వరు చూసుకునే శ్రోతలకి, ఆ ఉగాది తర్వాత నేను పాటిస్తున్నవి చెబుతాను.

సిఫార్సులని మొత్తం మెషీన్‌కి ఎప్పుడూ ఆపను. పెట్టె చిన్నదిగా కావాలంటే ఆ ఒక్క ఆజ్ఞలో ఆపుతాను. అప్పుడు రాకుండా పోయినవాటి జాబితా చదివి, కావలసినవి పేరుపేరునా రాస్తాను. సీఏ-సర్టిఫికేట్స్ పేరు అందులో ముందుంటుంది.

ప్యాకేజీల సంతకం సరిచూసే సెట్టింగు ఏ కారణంతోనూ ఆపను. అది అడ్డం వస్తోందంటే తప్పు ఇంకెక్కడో ఉందని అర్థం.

భద్రతా అప్‌డేట్లు వాటంతటవే ఎక్కుతాయి. మిగతావి వారానికొకసారి నేను చూసి ఎక్కిస్తాను. ఒక మెలిక ఉంది. ఉబుంటులో ఈ ఏర్పాటు డిఫాల్ట్‌గా మెషీన్‌ని రీస్టార్ట్ చేయదు. అది సబబే, పెళ్ళి మధ్యలో కరెంటు తీసేసినట్టు ఉండకూడదు కదా. కానీ కెర్నెల్ మారితే రీస్టార్ట్ చేసేదాకా పాతదే నడుస్తుంటుంది. అందుకని మంగళవారం రాత్రి ఒక వేళ పెట్టుకున్నాం.

అన్నిటికీ అవుననే వై ఆప్షన్‌ని స్క్రిప్టుల్లోనే వాడతాను, చేత్తో టైపు చేసేటప్పుడు వాడను. పాత కెర్నెళ్ళు ఒకటి రెండు ఉంచుతాను. డీఎన్ఎఫ్ డిఫాల్ట్‌గా మూడు ఉంచుతుంది, కొత్తది మొరాయిస్తే పాతదానితో లేవొచ్చు. స్థలం కోసం దాన్ని తగ్గించేవాళ్ళని చూశాను. వాళ్ళకి నా కథ చెబుతాను.

ఆఖరుది. ఏ డిఫాల్ట్ మార్చినా, ఆ ఫైల్లోనే పైన ఒక లైను రాస్తాను: ఎవరు మార్చారు, ఎందుకు, దీనివల్ల ఏం రాదు. ఆ రోజు నేను "సిఫార్సులు ఆపాను, సర్టిఫికేట్ల జాబితా ఉండదు" అని ఒక్క ముక్క రాసి ఉంటే, ఆ తమ్ముడు అర్ధరాత్రి నెట్‌లో వెతకక్కర్లేదు. ఒక్క ప్యాకేజీ ఎక్కించి పడుకునేవాడు.

మాస్టారికి ఫోన్‌లో అదే చెప్పాను. "మార్చింది నేనండీ. నాకు తెలిసిన సంగతి అందరికీ తెలుసనుకున్నాను." ఆయన తిట్టలేదు. "మేం పాఠం చెప్పేటప్పుడు వెనక బెంచీ వాడి మొహం చూసి చెప్పేవాళ్ళం" అన్నారు. తర్వాతి నెల సభ్యత్వం డబ్బు కట్టారు, ఆ సర్వరు మీదే.

ఆ తమ్ముడు ఇప్పుడు ఉద్యోగంలో చేరాడు, సర్వరు ఇంకా చూసుకుంటున్నాడు. ఈమధ్య నేనొక సెట్టింగు మారిస్తే, "అన్నా, పైన లైను రాయలేదు" అని గుర్తుచేశాడు. రాశాను.